మూడువందల కార్డులు, ఇద్దరు తోడికోడళ్ళు

ఆ ల్యాబులో బల్ల దగ్గర కూర్చుని పరీక్షలు చూసే టెక్నీషియన్లు ఇద్దరే. ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు. పెద్దకోడలు ముప్పై ఏళ్ళ నుంచి, చిన్నకోడలు పదకొండేళ్ళ నుంచి అక్కడే పని. ఆసుపత్రి మొత్తం వాళ్ళని పెద్దావిడ, చిన్నావిడ అంటుంది. నాలుగేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

కారణం కుక్కరు. చిన్నావిడ ఇంట్లో కుక్కరు పాడైతే పెద్దావిడ తనది ఇచ్చింది. నెల తరవాత కుక్కరు తిరిగొచ్చింది, మూతకి ఉండాల్సిన రబ్బరు రాలేదు. "రబ్బరేది?" అని ఈవిడ. "రబ్బరుతోనే పంపాను" అని ఆవిడ. అన్నదమ్ములిద్దరూ భయపడి, కలిసి వెళ్ళి కొత్త రబ్బరు కొనుక్కొచ్చారు. దాంతో గొడవ రెట్టింపైంది. కొనుక్కొచ్చారంటే తప్పు ఒప్పుకున్నట్టేనని పెద్దావిడ. ఒప్పుకోలేదు, జాలిపడి కొనిచ్చామని చిన్నావిడ. మగవాళ్ళు సర్దుబాటు చెయ్యబోతే ఇలాగే ఉంటుంది.

మాటల్లేవంటే నోళ్ళు మూసుకుని కూర్చుంటారని కాదు. వస్తువులతో మాట్లాడతారు.

"ఈ ఫ్రిజ్జు తలుపు వేసే అలవాటు కొంతమందికి పుట్టుకతోనే రాలేదనుకుంటా" అని పెద్దావిడ ఫ్రిజ్జుతో అనేది.

"కొంతమంది ముందు వాళ్ళింటి తలుపులు చూసుకుంటే బావుంటుంది" అని చిన్నావిడ గోడగడియారంతో అనేది.

మరీ తప్పనిసరైతే మధ్యలో అటెండరు ఉన్నాడు. యాభై దాటిన మనిషి, నిదానస్తుడు. రెండు బల్లల మధ్య దూరం నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ నడిచి ఒకావిడ మాటని రెండో ఆవిడకి అప్పజెప్పి, జవాబు పట్టుకుని మళ్ళీ నాలుగడుగులూ వెనక్కి వచ్చేవాడు. "ట్రేలు మొయ్యడానికని ఉద్యోగంలో పెట్టుకున్నారు, మాటలు మోయిస్తున్నారు" అని ఆయన గోల.

ల్యాబుకి పెద్ద ఒక డాక్టరు. చేతులు కడుక్కోవడానికి ప్రోటోకాల్, పెన్ను మూత పెట్టడానికి ప్రోటోకాల్. అనీ అనీ చివరికి ఆయన పేరే ప్రోటోకాల్ అయిపోయింది. మంచివాడే. కాకపోతే కాగితం మీద రాసి లేనిది లోకంలో లేదని ఆయన నమ్మకం.

ఆ ల్యాబుకి ఒకరోజు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒక కంపెనీ ఫ్లూ జ్వరానికి కొత్త కిట్టు తెచ్చింది. ముక్కులో పుల్ల తిప్పి, ఆ పుల్లని గొట్టంలోని మందునీళ్ళలో జాడించి, నాలుగు చుక్కలు ఒక ప్లాస్టిక్ కార్డు మీద వెయ్యాలి. పదిహేను నిమిషాలు ఆగాలి. సీ అనే అక్షరం దగ్గర ఎర్రగీత వస్తే కార్డు పనిచేస్తోందని అర్థం. టీ అనే అక్షరం దగ్గర కూడా గీత వస్తే ఫ్లూ ఉందని అర్థం. గీత ఎంత సన్నగా ఉన్నా సరే, ఉంటే పాజిటివే. మూడువందల మంది మీద వేసి చూడండి, మీ దగ్గరున్న పెద్ద మెషీను ఫ్లూ అని తేల్చిన ప్రతి వందమందిలో ఎనభై మందినైనా ఈ కార్డు పట్టుకుంటే కొనేద్దాం, మెషీన్లు లేని చిన్న ఆసుపత్రులన్నిటికీ పంపిద్దాం అని ఆ ఉత్తర్వు.

చిన్న ఆసుపత్రి అంటే ఏమిటో ఉత్తర్వులు రాసేవాళ్ళకి తెలీదు. అక్కడ డాక్టరు వారానికి రెండుసార్లు వస్తాడు. మిగతా రోజుల్లో నర్సుకి ఆ కార్డే డాక్టరు. గీత రాలేదంటే "నీకేం లేదు, ఇంటికి పో" అంటుంది. వాడు ఇంటికి పోయి ముసలితల్లి పక్కన కూర్చుని దగ్గుతాడు. ఆ తరవాత జరిగేది ఏ లెక్కలోకీ రాదు.

కిట్ల పెట్టె పట్టుకుని కంపెనీ మనిషి వచ్చాడు. ఆ ఆసుపత్రిలో టై కట్టుకున్న మనిషి ఇంకొకడు లేడు కాబట్టి వచ్చిన పది నిమిషాలకే అతని పేరు టై అయిపోయింది.

"చాలా సింపుల్ సార్" అన్నాడు టై. "చదువు అక్కర్లేదు, ట్రైనింగు అక్కర్లేదు. కళ్ళుంటే చాలు."

అక్కడున్న ఐదుగురిలో నలుగురు తలూపారు. పెద్దావిడ మాత్రం పెట్టె మీది సన్నటి అక్షరాల వైపు చూసి చూపు తిప్పుకుంది.

ఆమె కళ్ళు ఏడాదిగా మసకబారుతున్నాయి. ఈ సంగతి ఇంట్లో మొగుడికి కూడా తెలీదు. ఒకప్పుడు ఆ ల్యాబులో పెద్దావిడ కన్ను అంటే తిరుగులేదు. నలుగురు చూసి ఏమీ లేదని పక్కన పెట్టిన స్లైడులోంచి ఒకే ఒక్క క్షయ క్రిమిని పట్టుకుని, "ఇదిగో, మూల నక్కి కూర్చుంది దొంగముండ" అని చూపించిన మనిషి. ఇప్పుడు ఉదయం పేపరులో పెద్దక్షరాలే కనిపిస్తున్నాయి. కళ్ళ డాక్టరు పై అంతస్తులోనే ఉన్నాడు. కానీ ఆయన దగ్గరికి పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి ఆసుపత్రంతా తెలిసిపోతుంది. తెలిస్తే రికార్డు రూము.

రికార్డు రూము మెట్ల కింద ఉంటుంది. కిటికీ లేదు. పైన పైపు కారుతుంది. అక్కడ ముగ్గురున్నారు: నడుము పోయినవాడు ఒకడు, చెయ్యి వణికేవాడు ఒకడు, ఒకప్పుడు సూపరింటెండెంటుకి ఎదురు చెప్పినవాడు ఒకడు. ముప్పై ఏళ్ళు మనిషిని పిండుకుని, కాస్త అరగ్గానే తెచ్చి కాగితాల కింద పాతేసే గది అది. ప్రతి ఆఫీసులోనూ ఒకటి ఉంటుంది. పెద్దావిడకి ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉంది. ఆ మూడేళ్ళూ కిటికీ పక్క బల్ల దగ్గర, తన కుర్చీలో గడవాలి. ఆమె కోరిక అంతే.

ప్రోటోకాల్‌కి మాత్రం ఆనందం ఆగలేదు. "కార్డుని ఇద్దరు రీడర్లు చదవాలి. ఒకరికొకరు చెప్పుకోకూడదు, సైగ కూడా చేసుకోకూడదు. మనకి ఆ బెంగే లేదు. మా రీడర్లంత ఇండిపెండెంట్ రీడర్లు ఏ దేశంలోనూ దొరకరని పైకి రాశాను" అన్నాడు. ఇద్దరి అభిప్రాయం తేడా వస్తే తీర్పు చెప్పడానికి మూడో మనిషి ఉండాలన్న సంగతి ఆ సంబరంలో మర్చిపోయాడు.

రెండు బల్లల మధ్య స్టీలు బీరువా ఈడ్చి అడ్డం పెట్టారు. కార్డు ముందు పెద్దావిడ దగ్గరికి, అక్కడి నుంచి అటెండరు ట్రేలో చిన్నావిడ దగ్గరికి. ఎవరి కాగితం మీద వాళ్ళు రాసుకుని తాళం వేసిన డబ్బాలో వెయ్యాలి. అదే రోగి ముక్కులోంచి తీసిన ఇంకో పుల్ల మెషీను గదికి వెళ్తుంది, దాని ఫలితం కవరులో సీలు వేసి ఉంటుంది. అన్నీ చివరిరోజే తెరవాలి. ఇరవై నిమిషాలు దాటితే కార్డు మీద ఉత్తుత్తి గీతలు పుట్టుకొస్తాయి కాబట్టి వెంటనే పసుపు సంచిలో పారెయ్యాలి. ల్యాబులోకి ఫోన్లు తేకూడదు కాబట్టి ఫోటోలు లేవు.

మొదటిరోజు అటెండరు గడియారం చేత్తో పట్టుకుని "టైమ్!" అని అరిచాడు. పక్కగదిలో ఎవరో గ్లాసు జారవిడిచారు.

మొదటి కార్డు మీద టీ గీత దిట్టంగా ఉంది. పెద్దావిడకి హాయిగా కనిపించింది. పాజిటివ్. రెండోదాంట్లో ఏమీ కనిపించలేదు. నెగెటివ్. మూడోది నెగెటివ్. నాలుగోది చేతిలోకి తీసుకుంది. ట్యూబులైటు కింద తిప్పింది. కళ్ళు చికిలించింది. సీ దగ్గర గీత ఉంది, టీ దగ్గర తెల్లటి మసక. లేదని రాయబోయి ఆగిపోయింది.

ఎందుకంటే నాలుగో నంబరు దగ్గు ఆమె విన్నది.

ముక్కులో పుల్ల తిప్పే షెడ్డు సరిగ్గా ఆమె కిటికీ బయటే ఉంది. నర్సు "నాలుగూ!" అని కేకేస్తుంది. ఆ నంబరు మనిషి లేచి వస్తాడు. ముక్కులో పుల్ల పెట్టగానే ఎవడైనా సరే దగ్గుతాడు. ముప్పై ఏళ్ళుగా ఆ కిటికీ పక్కనే కూర్చున్న మనిషి పెద్దావిడ. దగ్గుల్లో ఆమెకి తెలియని దగ్గు లేదు. డబ్బాలో గులకరాయి వేసి ఊపినట్టుండే దగ్గు పొగతాగేవాడిది. ఎక్కని స్కూటరుని కిక్కు కొడుతున్నట్టుండేది ఉబ్బసం. సెలవు చీటీ కోసం దగ్గేవాడు మధ్యలో ఆగి ఎవరైనా చూస్తున్నారా అని చూసుకుంటాడు. ఫ్లూ దగ్గు వేరు. లోపల పాత దుప్పటి చింపినట్టు పొడిగా వస్తుంది. దగ్గినవాడు వెంటనే డొక్క పట్టుకుని "అమ్మో" అంటాడు. నాలుగో నంబరు దుప్పటి చింపాడు, అమ్మో అన్నాడు.

'వీడికి ఫ్లూ కాకపోతే నా చెవి కోసుకుంటాను' అనుకుంది పెద్దావిడ. 'అంటే గీత ఉండే ఉంటుంది. నాకే కనపడి చావలేదు. అవతల బీరువా వెనక కూర్చున్నదానికి కుర్రకళ్ళు, దానికి కనిపిస్తుంది. నేను లేదని రాస్తే చివరిరోజు దొరికిపోతాను.'

పాజిటివ్ అని రాసింది.

ఇక్కడ ఎవరూ ఆమెని దొంగ అనకండి. ఆమెకి కిట్టు మీద అనుమానం లేదు, తన కంటి మీదే అనుమానం. కంపెనీ సరుకు సరిగ్గా ఉంటుంది, పనిచేసేవాడిలోనే లోపం ఉంటుంది అని ముప్పై ఏళ్ళు చెప్పించుకున్న మనిషికి ఇంకేం తోస్తుంది?

ఆ రోజు నుంచి కళ్ళకి అందని ప్రతి కార్డునీ ఆమె చెవితో చదివింది. కార్డు ఎదురుగా పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ నంబరు దగ్గుని గుర్తుచేసుకునేది. అటెండరు అది చూసి, పాపం పెద్ద మేడమ్ కార్డు కార్డుకీ దేవుణ్ణి తలుచుకుంటోంది అనుకుని తనూ గడియారం పట్టుకున్న చేత్తోనే ఒక దణ్ణం పెట్టేవాడు.

అయిదోరోజు ఒక చిక్కొచ్చిపడింది. తొంభై ఎనిమిదో నంబరు ఎంతసేపటికీ దగ్గలేదు.

"ఏవయ్యా" అంది అటెండరుతో, "ఆ తొంభై ఎనిమిదో నంబరు మనిషి బతికే ఉన్నాడా?"

"నిక్షేపంలా ఉన్నాడు మేడమ్. బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఎందుకు?"

"అలికిడి లేదు."

"అలికిడి చేయించమంటారా?"

"వద్దులే" అని నెగెటివ్ రాసేసింది.

తొమ్మిదోరోజు ఇంకా ఘోరం. పక్క వార్డులో ఏసీ బిగించడానికి గోడకి డ్రిల్లు వేశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుర్రు గుర్రు. దగ్గులు కాదు కదా, నర్సు కేకలు కూడా వినపడలేదు. ఆ రోజు పెద్దావిడ గుడ్డిగా, కనిపించిన దిట్టమైన గీతలే పాజిటివ్ వేసి, మిగతావన్నీ నెగెటివ్ వేసి, ఇంటికెళ్ళి అన్నం సహించక పడుకుంది.

బీరువాకి అవతల చిన్నావిడ పని ఇంకో రకం. కార్డుని ఎడమనుంచి చూసేది, కుడినుంచి చూసేది, పైనుంచి చూసేది. ఉన్నది రాసేది. "లేని గీత ఉందని రాయడానికి నాకు చెయ్యి రాదు బాబూ" అని గోడగడియారంతో చెప్పేది.

పదిహేను రోజుల్లో మూడువందలూ పూర్తయ్యాయి. పదహారోరోజు పొద్దున అందరూ ప్రోటోకాల్ గదిలో కూర్చున్నారు. టై కొత్త టై కట్టుకొచ్చాడు. ప్రోటోకాల్ కవర్లు చింపి, డబ్బా తాళం తీసి, గంటసేపు లెక్కలు వేశాడు. వేసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వేశాడు.

"మెషీను ప్రకారం ఫ్లూ ఉన్నవాళ్ళు తొంభై మంది" అన్నాడు. "పెద్దావిడ కాగితం ప్రకారం కిట్టు అందులో డెబ్భై ఏడుగురిని పట్టుకుంది. నూటికి ఎనభై అయిదు. ఫ్లూ లేని పదకొండుమందిని కూడా అనవసరంగా పట్టుకుందనుకోండి, అది సర్దుకోవచ్చు. చిన్నావిడ కాగితం ప్రకారం పట్టుకున్నది యాభై ఒక్కరిని. నూటికి యాభై ఏడు లోపే. ఒకే కార్డులు. ఒకే గది. ఒకే ట్యూబులైటు. ఇదెలా?"

టై ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సన్నగీతలు సార్. అనుభవం ఉన్న కంటికి దొరుకుతాయి. పెద్ద మేడమ్ కన్ను గురించి నేను బయటే విన్నాను. ఆవిడ కాగితమే అసలు కాగితం. రెండోది పక్కన పెట్టేద్దాం. ఇంకోమాట, తప్పుగా అనుకోకండి, చిన్న మేడమ్‌కి ఒకసారి కంటి పరీక్ష చేయించండి."

"నాకా?" అని లేచింది చిన్నావిడ.

"ప్రోటోకాల్ ప్రకారం" అన్నాడు డాక్టరు ఇబ్బందిగా, "చూపు సరిలేని రీడరుని బల్ల మీద ఉంచకూడదమ్మా. ఉంచితే నా మీదకొస్తుంది. కొన్నాళ్ళు కింద రికార్డు రూములో..."

పెద్దావిడ తలొంచుకుని కూర్చుంది. నిజం చెప్పాలంటే మొదటి రెండు నిమిషాలు ఆమెకి బ్రహ్మాండంగా ఉంది. నాలుగేళ్ళ కచ్చ. అవతలిది పప్పులో కాలేసింది, తన కన్నే గొప్పదని పరాయి మనిషి అందరి ముందూ ఒప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళ పేరు మళ్ళీ మెరిసింది. కుర్చీ ఎక్కడికీ పోదు.

ఆ తరవాత లెక్క తలకెక్కింది. యాభై ఒకటి. అంటే కుర్రకళ్ళకి కూడా ఆ గీతలు కనపడలేదు. అంటే తను చూడలేకపోయిందని పదిహేను రోజులు కుమిలిపోయిన గీతలు అసలు లేనే లేవు. తన కన్ను ఆ కార్డుల దగ్గర తప్పు చెయ్యలేదు. తప్పు చేసింది కిట్టు, దాన్ని గట్టెక్కించింది తను.

"ఒక్కటి మాత్రం నాకు అర్థం కావట్లేదు" అని ప్రోటోకాల్ కాగితాలు తిరగేస్తున్నాడు. "తొమ్మిదోరోజు ఇరవై కార్డులకి ఇరవయ్యీ, మీ ఇద్దరి కాగితాల్లో అచ్చుగుద్దినట్టు ఒకటే. ఆ ఒక్కరోజే. ఆ రోజు ఏం జరిగింది?"

"ఆ రోజు డ్రిల్లు వేశారు సార్" అన్నాడు అటెండరు. "చెవులు చిల్లులు పడ్డాయి. నా టైమ్ కేక నాకే వినపడలేదు."

"డ్రిల్లుకీ గీతకీ ఏం సంబంధమయ్యా?" అని టై నవ్వాడు. అందరూ ఆ సంగతి వదిలేశారు. పెద్దావిడకి మాత్రం అర్థమైంది. ఇక ఆమె పెదవి విప్పకపోతే సరిపోతుంది. ఎవరికీ తెలీదు. ఏనాటికీ తెలీదు.

చిన్నావిడ గోడగడియారం వైపు చూడలేదు. ఫ్రిజ్జు ఆ గదిలో లేదు. తిన్నగా తోడికోడలి మొహంలోకి చూసింది.

"అక్కా. నువ్వు చెప్పు. ఆ కార్డుల్లో నువ్వు గీత చూశావా?"

అటెండరు అలవాటుకొద్దీ ఆ మాట మోసుకెళ్ళడానికి లేచి, అక్కర్లేదని గ్రహించి మళ్ళీ కూర్చున్నాడు.

పెద్దావిడ తలెత్తింది. తోడికోడలితోనే అంది: "గీత చూడలేదు. దగ్గు విన్నాను."

"ఏంటి?" అన్నాడు ప్రోటోకాల్.

"నాకు కళ్ళు కనపడట్లేదు సార్. ఏడాదైంది. దిట్టంగా ఉన్న గీతలైతే కనిపిస్తాయి. లేకపోతే కిటికీలోంచి దగ్గు విని రాశాను. ఉండే ఉంటుందనుకున్నాను. డ్రిల్లు రోజు దగ్గులు వినపడలేదు, అందుకే చూసిందే రాశాను. అందుకే ఇద్దరిదీ ఒకటైంది. అది రాసిందే నిజం. దాని కళ్ళకేం రోగం లేదు."

ప్రోటోకాల్ నోరు తెరిచాడు. రీడరు దగ్గు వినకూడదని ఆయన కాగితం మీద ఎక్కడా రాసి లేదు. మొట్టమొదటిసారి ఆయనకి చెప్పడానికి ఏ ప్రోటోకాలూ దొరకలేదు.

"ఇదేం సైన్సు సార్!" అని టై లేచాడు. "దగ్గు విని ఫ్లూ అని ఎవరైనా చెప్పగలరా? ఆవిడేదో కంగారులో అంటోంది. గీతలు చూసే రాశారు." అని గొంతు సవరించుకుంటూ గట్టిగా దగ్గాడు.

అందరూ పెద్దావిడ వైపు తిరిగారు.

"అది జబ్బు కాదు" అంది పెద్దావిడ. "భయం."

అటెండరు బల్ల మీద చెయ్యి వేసి కొట్టి నవ్వాడు. "సార్, కిట్టు యాభై ఒకటి, పెద్ద మేడమ్ డెబ్భై ఏడు. చిన్న ఆసుపత్రులకి కిట్లెందుకు? మేడమ్‌నే ఊరికో రోజు పంపించండి."

"నువ్వు కూర్చో" అన్నాడు ప్రోటోకాల్. కానీ ఆయన పెన్ను అప్పటికే తొమ్మిదోరోజు కాగితం మీద నడుస్తోంది. ఆ రోజు మెషీను ప్రకారం ఫ్లూ ఉన్నవాళ్ళు ఆరుగురు. ఇద్దరు రీడర్లూ ఒకే మాటగా కార్డులో చూసింది ముగ్గురిని. సగం. చిన్నావిడ పదిహేను రోజుల లెక్కా ఇంచుమించు అదే. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "కిట్టు ఫెయిల్" అన్నాడు.

టై చాలా మాటలు చెప్పాడు. మళ్ళీ చేద్దామన్నాడు, లైటు మార్చి చేద్దామన్నాడు, పై ఆఫీసులో తనకి తెలిసినవాళ్ళున్నారన్నాడు. ఆ చివరిమాట అనకుండా ఉండాల్సింది. ప్రోటోకాల్‌కి ప్రాణం కంటే కాగితం ఎక్కువ. "ఆ మాట రాసివ్వండి, రిపోర్టుకి జతచేస్తాను" అన్నాడు. టై పెట్టె సర్దుకున్నాడు.

అతను వెళ్ళాక పెద్దావిడ లేచి తెల్లకోటు విప్పి మడతపెట్టడం మొదలుపెట్టింది. మడత వంకరగా వస్తోంది.

"రాయండి సార్. రేపటి నుంచి కిందకెళ్తాను."

డాక్టరు కాగితం ముందుకు లాక్కున్నాడు. రాయడం ఆయనకి ఇష్టం లేదు, కానీ రాయకుండా ఉండటం చేతకాదు.

"సార్" అంది చిన్నావిడ. "ప్రోటోకాల్‌లో రీడర్లు ఎంతమంది?"

"ఇద్దరు."

"ఆవిణ్ణి కిందకి పంపితే ఎంతమంది?"

"ఒకరు."

"వచ్చే నెల రెండో కంపెనీ కిట్టు వస్తోంది. ఎవరు చదువుతారు? మీరా? మొన్న మీరు మీ కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతికారు."

"అది వేరే..."

"ఈ వయసులో చూపు తగ్గిందంటే శుక్లమే అయ్యుంటుంది. అయితే గియితే పావుగంట ఆపరేషను. మన నెత్తి మీద అంతస్తులోనే చేస్తారు. సెలవు రాయండి. కుర్చీ అలాగే ఉంచండి. కంటి డాక్టరు చూపు వచ్చిందని రాసిస్తే కూర్చుంటుంది, రాయకపోతే అప్పుడు చూద్దాం. ముందే కిందకి పంపితే మాత్రం నేనూ చదవను. రెండు కుర్చీలూ ఖాళీ. పైవాళ్ళకి ఏం రాసుకుంటారో రాసుకోండి."

"నీకెందుకే మధ్యలో" అంది పెద్దావిడ, "నీ ఉద్యోగం నువ్వు..."

"నువ్వు మాట్లాడకు. నాలుగేళ్ళు మాట్లాడకుండా ఉన్నదానివి, ఇంకో అయిదు నిమిషాలు ఉండలేవా?"

ప్రోటోకాల్ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన మొహంలో కొత్త దిగులొకటి పుట్టింది. "సెలవు సరే. కుర్చీ సరే. కానీ మీరిద్దరూ ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు. ఇక మీరు ఇండిపెండెంట్ రీడర్లు ఎలా అవుతారు?"

"మీరు బెంగపెట్టుకోకండి సార్" అంది పెద్దావిడ ముక్కు తుడుచుకుంటూ. "మా ఇంట్లో తగువులకి ఏ లోటూ లేదు."

కంటి ఆపరేషనుకి చిన్నావిడే తీసుకెళ్ళింది. పట్టీ విప్పిన రోజు పెద్దావిడ మొట్టమొదట చూసింది తోడికోడలినే. "అయ్యో, నీకు తలంతా నెరిసిపోయిందేమిటే!" అంది గట్టిగా, నర్సులందరూ వినేలా. దానికి మూడురోజులు మళ్ళీ మాటల్లేవు.

అయిదు వారాలకి చూపు సరిపోయిందని చీటీ వచ్చింది. రెండో కంపెనీ కిట్టుకి ప్రోటోకాల్ కొత్త నిబంధనలు రాశాడు. రీడర్లందరికీ ముందుగా కంటి పరీక్ష. తేడా వస్తే అక్కడికక్కడే చూడటానికి పక్క ల్యాబు నుంచి మూడో మనిషి. పరీక్ష జరిగినంతసేపూ రీడర్లిద్దరూ చెవుల్లో దూది పెట్టుకోవలెను. ఆ చివరిది చదివి పై ఆఫీసువాళ్ళు ఇదేమిటని రాస్తే, ఆయన తొమ్మిది పేజీల జవాబు రాశాడు.

మొదటిరోజు పెద్దావిడ తన బల్ల దగ్గర కూర్చుని చుట్టూ చూసి హడలిపోయింది. మూలల్లో సాలెగూళ్ళు, ఫ్రిజ్జు మీద వేలిముద్రలు, ట్యూబులైటు నిండా చచ్చిన పురుగులు. "ముప్పై ఏళ్ళు ఈ మురికిలోనా నేను కూర్చుంది!" అని అటెండరుతో తుడిపించింది. తరవాత చెవుల్లో దూది కుక్కుకుంది.

బయట నర్సు "ఒకటీ!" అని కేకేసింది. ఒకటో నంబరు దగ్గాడు. కిటికీ అద్దం అదిరింది. దుప్పటి నిలువునా చిరిగింది. డొక్క పట్టుకుని అమ్మో అన్నాడు. చెవుల్లో దూది లేని అటెండరు అంతా విన్నాడు. ఇన్నాళ్ళలో ఆయనకీ కొంత విద్య అబ్బింది. పదిహేను నిమిషాలయ్యాక "టైమ్!" అని అరిచి, ట్రేలో కార్డు తెచ్చి ఆమె ముందు పెట్టి, కనుబొమలు ఎగరేస్తూ, ఇక చెప్పేదేముంది అన్నట్టు నిలబడ్డాడు.

పెద్దావిడ ఆయన మొహం చూడలేదు. కార్డుని ఎడమనుంచి చూసింది, కుడినుంచి చూసింది, పైనుంచి చూసింది. సీ దగ్గర ఎర్రగీత, దాని అంచు కూడా తెలుస్తోంది. టీ దగ్గర తెల్లగా ఉంది. మసక కాదు, తెలుపు.

నెగెటివ్ అని రాసి, కాగితం డబ్బాలో వేసి, బీరువా అవతలికి తీసుకెళ్ళమని అటెండరుకి చెయ్యి ఊపింది.